మెట్టుగూడ మెస్సు: కొత్తగా వచ్చిన మిషనరీ కుర్రాడికి మొదటి వారం భోజనం

మెట్టుగూడ మెట్రో స్టేషను దిగి రైల్వే క్వార్టర్ల వైపు లోపలికి నడిస్తే, కింద మందుల దుకాణం, పక్కన ఇస్త్రీ బండి ఉన్న ఒక పాత మేడ మొదటి అంతస్తులో ఒక మెస్సు నడుస్తోంది. బోర్డు మీద ‘ఆంధ్రా భోజనం’ అన్న రెండు మాటలు తప్ప మరే పేరూ లేదు. నడిపే ఆవిడది జనగామ ప్రాంతం, వంట చేసే ఆవిడదీ అటువైపే. అయినా ఈ నగరంలో అన్నం అమ్ముకోవాలంటే బోర్డు మీద ఆంధ్రా అని ఉండి తీరాలన్నది ఇక్కడి వ్యాపారుల పాత నమ్మకం, దానితో నాకు పేచీ లేదు. తన పేరు గాని ఫోను నంబరు గాని రాయవద్దని, ఉన్న జనానికి వండి పెట్టేసరికే పొద్దు గూకుతోందని ఆవిడ చెప్పారు కాబట్టి ఆ వివరాలు ఇందులో ఉండవు. వీధిలో ఎవరిని అడిగినా చెయ్యెత్తి చూపిస్తారు.

ఈ మెస్సును నేను రుచి ఒక్కదానితో కొలవడం లేదు. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి, అంటే బయటివారు మోర్మన్లని పిలిచే సంఘానికి చెందినవాణ్ణి నేను. మా వార్డుకు, అంటే మా స్థానిక సంఘానికి, కొత్తగా వచ్చే మిషనరీ కుర్రాళ్లకు గది, గ్యాసు, బస్సు రూట్లు, భోజనం చూపించి మొదటి వారం గట్టెక్కించే పని నా మీద పడింది. ఊళ్ల నుంచి వాళ్ల అమ్మలు చేసే వాకబులో, సువార్త పని ఎలా సాగుతోందన్నది ఎప్పుడూ రెండో ప్రశ్నే. మొదటిది అన్నం ఎక్కడ తింటున్నాడన్నది. రాజమండ్రి, విశాఖపట్నం వైపు తల్లులైతే ఇంకొంచెం ముందుకు వెళ్లి, పెరుగు గడ్డగా ఉంటుందా, కారం మరీ ఎక్కువ వేస్తారా అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్నలకు ఒక్కచోట, నిదానంగా జవాబు చెబుదామని ఇది రాస్తున్నాను.

మిషనరీల జీవితం తెలియని పాఠకులకు ముందు కొంత వివరం అవసరం. మా సంఘంలో యువకులు 18 ఏళ్లు నిండాక రెండేళ్లపాటు, యువతులు 18 నెలలపాటు, జీతం లేకుండా మిషనరీలుగా సేవ చేస్తారు. ఎక్కడికి వెళ్లాలన్నది వాళ్లు ఎంచుకునేది కాదు. సాల్ట్ లేక్ సిటీలోని ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన పిలుపులో ఏ మిషను, అంటే మిషనరీలు పనిచేసే ఏ ప్రాంతం, పేరు ఉంటే అక్కడికి వెళ్లాలి. వెళ్లాక కూడా ఒకేచోట స్థిరంగా ఉంచరు. దాదాపు ఆరు వారాలకు ఒకసారి బదిలీలు చూస్తారు కాబట్టి, ఎవరికైనా ఆ కాలంలో కొత్త ఊరు, కొత్త జోడీ, కొత్త మెస్సు పలుమార్లు తప్పవు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే తిరగాలి, ఒకరి కంటికి ఒకరు దూరం కాకూడదు. దాంతో ఒకరికి ఆకలై మరొకరికి కాకపోయినా ఇద్దరూ మెస్సుకు రావలసిందే, ఒకరికి కడుపు చెడితే ఇద్దరికీ గది పట్టవలసిందే. ఉదయం ఆరున్నరకు లేవడం, వ్యాయామం, చదువు, ఇద్దరూ కలిసి చదువు, ఆ తర్వాత బయట పని, రాత్రి తొమ్మిది తొమ్మిదిన్నర మధ్య గదికి చేరడం, పదిన్నరకు దీపం ఆర్పడం: వాళ్ల దినచర్య ఇంచుమించు ఇది.

ఇప్పుడు వచ్చిన కుర్రాడిది రాజమండ్రి. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరు బిళ్ల, కొత్త బూట్లు. అతని జోడీగా ఉన్న కోయంబత్తూరు కుర్రాడు ఇంతకు ముందు నుంచే ఇక్కడ ఉన్నాడు. తెలుగు తడబడుతూ మాట్లాడతాడు గాని సందులన్నీ తెలుసు. తెలుగు బాగా వచ్చినవాడికి దారులు తెలియవు, దారులు తెలిసినవాడికి తెలుగు అంతగా రాదు. ఇలాంటి ఇద్దరు రోజు పొడుగునా కొత్త గుమ్మాల ముందు నిలబడి తామెవరో, ఎందుకు వచ్చారో, ఆ బిళ్ల ఏమిటో, నెలకు ఎంత జీతం ఇస్తారో చెప్పుకుంటూ తిరుగుతారు. జీతం లేదంటే నమ్మనివాళ్లకు మళ్లీ చెప్పాలి. అంతసేపూ తమను తాము విప్పి చెప్పుకున్న పిల్లలకు, కంచం ముందు కూర్చున్నాక కూడా ఆ కథంతా మళ్లీ మొదలుపెట్టవలసిన అవసరం లేకుండా అన్నం దొరకాలి. ఏ మెస్సునైనా నేను చూసేది ముందుగా ఈ ఒక్క విషయంలోనే, ఉప్పూ కారం తర్వాత. ఆ లెక్కన సికింద్రాబాదు చుట్టుపక్కల నేను చూసిన వాటిలో దీనికి సాటి మరొకటి కనిపించలేదు.

మధ్యాహ్నం భోజనం సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మెస్సు సత్తా అంతా అక్కడే ఉంది. పన్నెండు గంటలకు మొదటి వాయి అన్నం దిగుతుంది. సన్నబియ్యం, పలుకు లేకుండా, అలాగని ముద్ద కాకుండా ఉడికి ఉంటుంది. పప్పు రోజూ ఉంటుంది: తోటకూర, పాలకూర, మామిడికాయ, బీరకాయ, ఏది చవకగా దొరికితే అది. ఒక కూర, ఒక వేపుడు, ఒక రోటి పచ్చడి, సాంబారు గాని పప్పుచారు గాని, పెరుగు. కంది పొడి, నెయ్యి అడిగితేనే వేస్తారు. అడగనివాళ్లకు అవి ఉన్నాయని కూడా తెలియదు, కాబట్టి అడగాలి. వారంలో రెండు రోజులు సాంబారుకు బదులు పచ్చిపులుసు పెడతారు. రాజమండ్రి కుర్రాడు దాన్ని చారు అనుకుని వేడన్నంలో పోసుకుని, చల్లగా తగిలేసరికి ఆగిపోయి, పాడైందేమోనన్నట్లు జోడీ వైపు చూశాడు. వడ్డిస్తున్న ఆవిడ గమనించి, ‘అట్ల కాదు బిడ్డా, ముందు ముద్దపప్పు కలుపుకో, పైకెళ్లి ఇది పోసుకో’ అని తానే గరిటెతో పప్పు వేసి చూపించారు. చింతపండు రసాన్ని పొయ్యి మీద పెట్టకుండానే, కాల్చిన పచ్చిమిరపకాయలు నలిపి, ఉల్లిపాయ ముక్కలు చేత్తో పిసికి, నువ్వుల పొడి వేసి, పైన తాలింపు పెట్టే ఆ పులుసులో మిరపకాయ కాలిన వాసన ముక్కుకు తగులుతూ ఉంటుంది. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు అది అలవాటు కావడానికి కొంత వ్యవధి పడుతుంది, అయ్యాక మాత్రం సాంబారు రోజున ముఖం మాడ్చుకుంటారు.

గోంగూర పచ్చడి విషయంలో నేను అంత ఉదారంగా మాట్లాడలేను. ఇక్కడ దానిలో ఉల్లిపాయ, వెల్లుల్లి బాగానే పడతాయి గాని పులుపు చాలదు. ఆకు సంతలో కొన్నదే అయినా, నూనెలో మగ్గనిచ్చేంత తీరిక వంటింట్లో ఉండదేమోనన్నది నా అనుమానం. దొండకాయ వేపుడు సన్నగా తరిగి కరకరలాడేలా వేపుతారు, అది బాగుంటుంది. వంకాయ కూర బాగున్న రోజున చాలా బాగుంటుంది, లేని రోజున కంచం చివరికి నెట్టేయాలి. పెరుగు గడ్డగానే ఉంటుందని రాజమండ్రి తల్లికి నేను ధైర్యంగా చెప్పాను, కానీ అది రెండు గంటల లోపు వచ్చినవారి సంగతి. ఆ తర్వాత వచ్చేవారికి పెరుగు గిన్నెలోకి నీళ్ల చెంబు వంగుతుంది.

ఇక టీ. హైదరాబాదులో కొత్త మనిషి మొదటి వారంలో ఎదుర్కొనే అసలు చిక్కు ఇదే, మెస్సు దాన్ని పరిష్కరించిన తీరుకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. మా సంఘంలో టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషిద్ధం. 1833లో మా సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కు వచ్చిందని మేము విశ్వసించే ఒక ప్రకటన ఈ నియమానికి ఆధారం. అమెరికాలో ఉన్నవాళ్లకు అదేమంత కష్టమో నాకు తెలియదు గాని, ఇరానీ హోటళ్ల నగరంలో చాయ్ వద్దనడం మనిషినే వద్దన్నట్లు వినిపిస్తుంది. ఇంటింటికీ వెళ్లే పిల్లలకు ప్రతి ఇంట్లోనూ ముందు వచ్చేది చాయే, వద్దంటే ‘చక్కెర లేకుండా ఇయ్యమంటరా’ అని, అదీ వద్దంటే ‘కాఫీ పెట్టనా’ అని మర్యాద పెరుగుతూ పోతుంది. మెస్సులో ఉదయం టిఫినుతోపాటు చిన్న గ్లాసుడు చాయ్ ఉచితం, తాగకపోతే వంటలో లోపమేమో అన్నంత పట్టింపుగా ఇస్తారు.

కొత్త కుర్రాడు వచ్చిన పూట ఆవిడ రెండు గ్లాసులు తెచ్చి పెట్టగానే అతను లేచి నిలబడి, ‘మేము టీ తాగమండి, ఏమీ అనుకోకండి’ అన్నాడు. ‘ఎందుకు తాగరు బిడ్డా?’ అన్న ప్రశ్న వస్తుందని, దానికి జవాబు కూడా లోలోపల సిద్ధం చేసుకున్నాడని అతని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. ఆవిడ ఆ ప్రశ్న అడగలేదు. ‘పాలు తాగుతవా, రాగిజావ తాగుతవా?’ అని మాత్రం అడిగి, చాయ్ గ్లాసులు రెండూ పక్క బల్ల మీది రైల్వే పెన్షనరు ముందుకు జరిపేశారు. మరునాటి నుంచి వాళ్లిద్దరికీ జావే వస్తోంది, పలచగా, మజ్జిగ కలిపి, కొంచెం ఉల్లిపాయ వేసి. జావ ఖరీదు చాయ్ ఖరీదు కంటే ఎక్కువే అయినా ఆ తేడా బిల్లులో వేయలేదు. ముందు ఉన్న మిషనరీలకు ఇచ్చిన అలవాటు వల్ల ఆవిడకు ఈ సంగతి తెలుసుననుకోవచ్చు, కానీ తెలిసిన విషయాన్ని కూడా పదిమంది ముందు పిల్లల చేత చెప్పించి వినోదం చూసేవాళ్లు ఈ వ్యాపారంలో తక్కువేమీ కాదు.

బల్లల దగ్గర మతం మాట రాకుండా పోదు. రాకుండా ఉండాలని కోరుకోవడం కూడా అత్యాశే. రైల్వే ఉద్యోగులు, లాలాగూడ ఆసుపత్రికి రోగులతో వచ్చినవాళ్లు, తార్నాక వైపు నుంచి వచ్చే ఉస్మానియా విద్యార్థులు ఒకే గదిలో తింటారు, పేరు బిళ్ల మీద క్రీస్తు పేరు చూసి ఎవరో ఒకరు కదుపుతారు. ‘మీరు ఈ మధ్యనే దిగారా బాబూ, లేక పాతవాళ్లేనా?’ అని పెన్షనరు గారు అడిగిన ప్రశ్నకు కొత్త కుర్రాడు తడబడ్డాడు. సంఘం 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైందని చెప్పగలిగాడు గాని హైదరాబాదు సంగతి అతనికి అంతగా తెలియదు. నేనే అందుకుని, సమోవాలో స్థిరపడిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 చివర్లో ఇక్కడి బంధువుల దగ్గరకు మిషనరీలుగా వచ్చారనీ, ఆ కుటుంబంలో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారనీ, దేశంలో మా సంఘపు మొదటి స్టేకు, అంటే కొన్ని వార్డులను కలిపి నడిపే పెద్ద విభాగం, 2012 మే నెలలో ఈ నగరంలోనే ఏర్పడిందనీ చెప్పాను. ఆయన తలాడించి, ‘అయితే మనవాళ్లే తెచ్చుకున్నారన్నమాట’ అని, సాంబారు ఇటు పంపమన్నారు. చర్చ అంతటితో సరి. గోడ మీద ‘ఇచ్చట రాజకీయాలు, మత ప్రచారం వద్దు’ అని ముగ్గు పిండి రంగు పెయింటుతో రాసి ఉంది, యజమానురాలు ఆ నియమాన్ని అందరికీ సమానంగా వర్తింపజేస్తారు. మన పిల్లలు కరపత్రాలు సంచిలోనే ఉంచుకుంటారు, ఎవరైనా అడిగితే మెట్లు దిగాక మాట్లాడతారు. ఈ నియమం వాళ్ల పనికి అడ్డమని ఒకరిద్దరు మా వార్డులోనే అన్నారు. నా అభిప్రాయం దానికి పూర్తిగా విరుద్ధం: బోధించవలసిన అవసరం గాని, వాదించవలసిన అవసరం గాని లేని అరగంట ఆ వయసు పిల్లలకు రోజులో ఒక్కటైనా ఉండాలి.

ఆదివారం విషయంలో మాత్రం మెస్సుకూ మిషనరీలకూ పొత్తు కుదరదు, ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ రోజున మేము కొనడం, అమ్మడం పెట్టుకోము. ఆరాధన అయ్యాక సంఘ సభ్యులెవరో ఒకరు పిల్లలను భోజనానికి పిలుస్తారు. మెస్సులో వారం మొత్తంలో ప్రత్యేకమైన భోజనం అదే రోజున: బగారా అన్నం, కోడికూర. మసాలా ఆకులు, లవంగాలు వేసి వండిన అన్నం వాసన శనివారం నుంచే ఊహల్లో మొదలవుతుందని కోయంబత్తూరు కుర్రాడు నాతో చెప్పుకున్నాడు. శనివారం వండి పెట్టమందామంటే, అది ఆవిడకు వేంకటేశ్వరస్వామి రోజు, వంటింట్లో గుడ్డు కూడా పగలదు. అందువల్ల వాళ్లకు మాంసం బుధవారం ఒక్కరోజే దొరుకుతుంది, ఆ రోజు వండేది మామూలు అన్నంలోకి పులుసు కూర. నాకు కూడా ఇది లోటుగానే కనిపిస్తుంది గాని, వారానికి ఆరు రోజులే తినే ఇద్దరి కోసం వంట పట్టిక మార్చమనడం న్యాయం కాదు.

నెలలో మొదటి ఆదివారం మాకు ఉపవాసం. వరుసగా రెండు పూటలు తిండి, నీరు మానేసి, ఆ భోజనానికి అయ్యే సొమ్మును పేదల సహాయానికి ఇస్తాం. కొందరు శనివారం మధ్యాహ్నం తిన్నాక ఉపవాసం మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నానికి ముగిస్తారు కాబట్టి, మెస్సులో శనివారం రాత్రి భోజనం ఒకటి మిగిలిపోతుంది. కొత్త కుర్రాడు వచ్చిన వారం చివర్లోనే ఆ మొదటి ఆదివారం పడింది. రాత్రికి వద్దని చెప్పడానికి అతను మొహమాటపడుతుంటే, ఆవిడ ‘ఒక్కపొద్దా బిడ్డా?’ అని, లెక్కల పుస్తకం తెరిచి వాళ్ల పేజీలో ఆ పూట గడిలో అడ్డగీత కొట్టారు. కార్తీక సోమవారాలు ఉండే ఇంటికి ఉపవాసం గురించి పాఠం చెప్పనక్కర్లేదు కదా.

ఆ పుస్తకం గురించి రెండు మాటలు చెప్పాలి, నేను లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కాబట్టి ముందుగా నా చూపు పోయింది దాని మీదికే. పాత రైల్వే డైరీలో ఒక్కొక్క నెల కాతాదారుకు ఒక్కొక్క పేజీ. పేజీకి అడ్డంగా తేదీలు, నిలువుగా టిఫిను, పగలు, రాత్రి. తిన్న పూటకు చిన్న నిలువు గీత, మానిన పూటకు అడ్డగీత, అతిథి వస్తే గీత పక్కన చుక్క. నెలాఖరున మానిన పూటలన్నీ తీసివేస్తారు, ముందురోజు చెప్పి ఉండాలన్నది ఒక్కటే షరతు. మిషనరీలకు ఖర్చుల కోసం నెలనెలా వచ్చేది పరిమితమైన సొమ్ము కాబట్టి ఈ తీసివేత వాళ్లకు నిజంగా కలిసివస్తుంది. పేజీ పైన పేర్లు రాయవలసిన చోట ఆవిడ ‘జావ పిల్లలు’ అని రాసుకున్నారు, బదిలీ అయి ఎవరు మారినా ఆ పేజీ అలాగే కొనసాగుతుంది.

రాత్రి భోజనం గురించి ఇంత మెచ్చుకోలుగా రాయలేను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు మనుషులు ఇళ్లలో ఉండే సమయం కాబట్టి మిషనరీల పని ఎక్కువగా అప్పుడే నడుస్తుంది. మెస్సు ఏడున్నరకు మొదలై తొమ్మిదింపావుకు కట్టేస్తుంది. అంటే సీతాఫల్‌మండిలోనో వారాసిగూడలోనో ఎవరింట్లోనో మాటల్లో ఉన్న పిల్లలు, అవి మధ్యలో తెంచుకుని పరుగెత్తాలి, లేదా ఆకలితో గదికి చేరాలి. పార్సిల్ పక్కన పెట్టమంటే పెడతారు గాని, ఆ పార్సిల్ కట్టే పద్ధతి నాకు బొత్తిగా నచ్చలేదు. పొగలు కక్కుతున్న సాంబారును పలచని ప్లాస్టిక్ కవర్లో పోసి, గాలి బుడగ నిలిచేలా దారంతో బిగించి, దాన్ని అన్నం పొట్లం మీదే కూర్చోబెడతారు. గదికి చేరి విప్పేసరికి కవరు మెత్తబడి, అన్నం ఒక పక్క తడిసి, వేపుడు కరకర పోయి ఉంటుంది. వేడి పదార్థాలు ఆ కవర్లలో పోయడం ఆరోగ్యానికి మంచిది కాదని చెప్పి చూశాను. అందరూ అలాగే కడుతున్నారన్న జవాబు వచ్చింది. అందుకే స్టీలు క్యారియరు పెట్టించాను. ఈ మెస్సులో నెల కాతా పెట్టుకునేవారెవరైనా క్యారియరు తప్పనిసరిగా తీసుకోవాలని నా సలహా.

మిగిలిన లోపాలు త్వరగా చెప్పేస్తాను. రాత్రి కూరల్లో ఒకటి మధ్యాహ్నానిదే, తిరిగి వేడి చేసింది. వేపుళ్లలో నూనె ఎక్కువ, వారం చివరికి ఆ నూనె రంగు కూడా ముదురుతుంది. కారం విషయంలో రాజీ లేదు, కోయంబత్తూరు కుర్రాడు ఇప్పటికీ బుధవారం కూరలో పెరుగు కలుపుకుని తింటాడు. మెట్ల దగ్గర చేతులు కడిగే కొళాయి నీళ్లు చిమ్మి కింద పాచి పట్టి ఉంది, కొత్త తోలు బూట్లతో దిగేవాళ్లు గోడ పట్టుకోవాలి. టీవీ శబ్దం భరించరానంత పెద్దది. అదనంగా గుడ్డు గాని కూర గాని అడిగితే ధర ముందు చెప్పరు, నెలాఖరున చూసి ఆశ్చర్యపోవాలి. పుస్తకం అంత చక్కగా రాసే మనిషి ఈ ఒక్క విషయంలో ఎందుకు అలా చేస్తారో నాకు అంతుపట్టలేదు.

ప్రత్యామ్నాయాలు లేవా అంటే ఉన్నాయి. ఫోనులో తెప్పించుకునే భోజనం రోజూ అంటే వాళ్ల సొమ్ము రెండు వారాలు రాదు. కర్రీ పాయింట్లలో కూరలు చవకే గాని అన్నం గదిలో వండుకోవాలి, ఉదయపు చదువు సమయంలో కుక్కరు కూతలు లెక్కపెట్టుకోవడం కొత్తవాడికి అయ్యే పని కాదు. ఇరానీ హోటలు వాళ్లకు ఉస్మానియా బిస్కెట్ల వరకే పనికివస్తుంది. గదిలో వండుకోవడం సోమవారం ఒక్కరోజుకు బాగుంటుంది. అది వాళ్లకు సన్నాహక దినం: బట్టలు ఉతుక్కోవడం, సరుకులు కొనుక్కోవడం, ఇంటికి ఫోను చేయడం ఆ రోజే. ఒకప్పుడు ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే అనుమతించేవారు, 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం మాట్లాడే వీలు కల్పించారు. రాజమండ్రి కుర్రాడు ఆ సోమవారం ఫోనులో వాళ్ల అమ్మకు చెప్పిన మొదటి సంగతి పచ్చిపులుసు గురించే. అటు నుంచి ఏం విన్నాడో గాని, ‘కాచరమ్మా, అసలు కాచనే కాచరు’ అని రెండుసార్లు అన్నాడు.

చివరగా వివరాలు. టిఫిను ఉదయం ఏడు నుంచి పది వరకు. ఇడ్లీ, ఉప్మా, పూరీ మామూలే, పెసరట్టు గురువారం మాత్రమే. మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి మూడు వరకు, కడుపు నిండా, రూ. 110. రెండు పూటలా నెల కాతా రూ. 5,400, టిఫినుతో కలిపితే రూ. 6,600. ఫోను చెల్లింపులు తీసుకుంటారు, చిల్లర లేదని మాత్రం ఎప్పుడూ అనరు. యువతులైన మిషనరీలకు మధ్యాహ్నం ఏ ఇబ్బందీ ఉండదు. రాత్రి పూట ఆ సందులో వీధి దీపాలు సరిగా వెలగవు కాబట్టి వాళ్లు క్యారియరు ఏడున్నరకే తీసుకువెళ్లడం మేలు. క్యారియరుకు రూ. 300 ధరావతు కట్టాలి. బదిలీ కబురు రాగానే చెబితే మిగిలిన రోజుల సొమ్ము, ధరావతు రెండూ అదే రోజు తిరిగి ఇస్తారు, కాకపోతే గిన్నెలు, మూతలు, పక్క కొక్కేలు అన్నీ లెక్క చూసుకున్నాకే.